పిడికెడు బియ్యం, బాపు కుర్చీ

కాటారంలో మా అక్క అనసూయ పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున, ఆమె కోడలు రజిత అటక మీది సామానంతా దింపి వాకిట్లో పరిచింది. మనిషి పోయిన ఇంట్లో ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చే పని ఎప్పుడూ ఆడవాళ్ళదే. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. చెవులు ఊడిన గిన్నెలు, మసిబారిన మూకుళ్ళు, ఒక పగిలిన జాడీ, వాటి నడుమ మూత బిగుసుకుపోయిన పాత రేకుడబ్బా. కత్తి మొనతో మూత లేపగానే ముక్కిన వాసన కొట్టింది. సగానికి పైగా బియ్యం. సన్నవి, దొడ్డువి, నూకలు, కొన్ని తెల్లగా, కొన్ని ఎర్రగా, ఏ రోజు ఏ సంచిలోంచి తీసినవో అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. పైన నల్ల పురుగులు తీరికగా తిరుగుతున్నాయి.

"గివి అత్తమ్మవి మామయ్యా," అన్నది రజిత. "పొయ్యి ముట్టించే ముందు రోజొక పిడికెడు తీసి ఇండ్ల పోసేది. ఎవరికి అత్తమ్మా అంటే, శనారం వచ్చి తీస్కపోతరు తీ అనేది. గిన్నేండ్ల సంది ఒక్కరు రాలె. పురుగు పడితే నేనే పిట్టలకు జల్లేదాన్ని. మల్ల నింపేది." పెద్దామెకు మతి తప్పిందనుకున్నారట. కోళ్ళకు పోయమంటారా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆమెకు చెప్పలేదు. డబ్బాను ఒక గుడ్డసంచిలో పెట్టించుకుని భూపాలపల్లి బస్సెక్కాను. పక్క సీట్లో బొగ్గుబాయిలో పనిచేసే మనిషి, నేను దాన్ని ఒళ్ళో పట్టుకున్న తీరు చూసి, నెయ్యా సార్ అని అడిగాడు. నెయ్యే అన్నాను. పురుగుపట్టిన బియ్యం మోసుకుపోతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఈ వయసులో కూడా నాకు మొదట నోటికి వచ్చేది అబద్ధమే, అదీ మర్యాద కోసం.

మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్‌కు నడిచిపోయేంత దూరం. ఊళ్ళో మాది గడి, దొరల కోటలాంటి ఇల్లు. నాకు జ్ఞానం వచ్చేనాటికే దాని ముందు గోడా, పెద్ద దర్వాజా మాత్రం నిలిచి ఉన్నాయి. వెనక వసారాలు ఒకదాని తర్వాత ఒకటి వానలకు కూలిపోయాయి. ముందు నుంచి చూస్తే గడి, వెనక నుంచి చూస్తే మట్టిదిబ్బ. భూములు ఎట్లా పోయాయన్న కథ ఇక్కడ చెప్పను. పోవలసినవి కొన్ని, పోకూడనివి కొన్ని పోయాయి. మిగిలింది బావి కింద ఒక మడి, దాని పక్కన జొన్నలు పండే ఎర్ర చెలక. అమ్మ పొద్దున్నే దర్వాజా బార్లా తెరిచి, వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, పదిమంది వచ్చే ఇల్లులా ముగ్గు వేసేది. వంట వేళకు మాత్రం తలుపులు మూసి గడియ పెట్టేది. లోపల ఉడికేది గటుక. జొన్నలు విసిరి, రవ్వ చేసి, కుండలో పోసి, గరిటెతో తిప్పి తిప్పి దింపేది. దాంట్లోకి పచ్చిపులుసు. గటుక ఉడికే వాసనకు ఒక మందమైన తీపి ఉంటుంది. అది వీధిలోకి పోకుండా అమ్మ నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి వేసేది. దొరల ఇంట్లో గటుక తింటున్నారని ఊరికి తెలియకూడదు. ఊరందరికీ తెలుసనీ, మా మర్యాద కోసం తెలియనట్టు ఉన్నారనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఇప్పటికీ ఎక్కడైనా సాంబ్రాణి వాసన వస్తే నాకు దేవుడు గుర్తుకు రాడు. ఆకలి వేస్తుంది.

అయితే ప్రతి రోజూ ఒక పిడికెడు సన్నబియ్యం మాత్రం మా ఇంట్లో కనిపించేది. బావి కింద మడిలో పండిన కాసిని సన్నవడ్లను అమ్మ దంచి, చుట్టాలకూ పండుగలకూ దాచేది. అందులోంచే రోజూ పొయ్యి ముట్టించే ముందు ఒక పిడికెడు తీసి దేవుని గూటి దగ్గరున్న ఇత్తడి చెంబులో పోసేది. ఊళ్ళో అన్ని ఇళ్ళవాళ్ళూ పోసేవాళ్ళు. ఎవరు ఏది తింటే అది: దొడ్డుబియ్యం, నూకలు, కొందరు జొన్నలు. మేము మాత్రం తినేది ఒకటి, ఇచ్చేది ఒకటి. గడి నుంచి జొన్నలు పోతే ఎట్లా? ఆ చెంబు వైపు అక్కా నేనూ చూసే చూపు అమ్మకు తెలుసు. అందుకే పోసేటప్పుడు మా వైపు వీపు పెట్టి పోసేది.

ఈ పిడికెడు బియ్యం పద్ధతి పెట్టినవాడు దర్జీ వీరయ్య. ఊరి నడుమ రేకుల పంచలో కుట్టుమిషన్, మెడలో టేపు, చెవిలో సుద్దముక్క, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కీర్తన. భజన గురువు ఆయనే. శనివారం దీపాలు పెట్టే వేళకు తాళాలూ మద్దెలా తీసుకుని భజన జట్టు ఇల్లిల్లూ తిరిగేది. వెనక ఒకే ఒక సంచి. ఎవరి చెంబైనా, ఎవరి చేటైనా, ఎవరి ఒడిలోదైనా ఆ ఒక్క సంచిలోనే పోయాలి. మొదట్లో మా నాయనమ్మ, గడి బియ్యం వేరే మూట కట్టి దేవునికి నైవేద్యం వండుకొమ్మని చెప్పిందట. వీరయ్య నవ్వి, దేవునికి గూడ కలిసినయే పెడుతం అవ్వా అన్నాడట. ఆదివారం పొద్దున ఆ సంచి రైల్లో జనగామ పోయేది. అక్కడ స్టేషన్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నారు. మా ఊరి నుంచి, పక్క పల్లెల నుంచి పోయిన నలుగురైదుగురు పిల్లలు అందులో ఉండి పెద్ద బడిలో చదువుకునేవాళ్ళు. కొమురమ్మ అని ఒక ముసలామె వండేది. పిల్లలు వంతులవారీగా నీళ్ళు తెచ్చేవాళ్ళు, అందరి పళ్ళాలూ కడిగేవాళ్ళు. కులం పేరు అడిగిన పిల్లను వీరయ్య మరుసటి రైలుకే ఇంటికి పంపించేవాడు.

ఆయన మాటలు గొప్పవని అప్పట్లో మాకెవరికీ అనిపించలేదు. మిషన్ తొక్కుతూ, గుడ్డ వైపు చూస్తూ చెప్పేవాడు. "సదువొక్కటే ఉంటే ఎక్కిపోతరు దొరా, మల్ల ఎనుకకు సూడరు. భజనొక్కటే ఉంటే గీడనే కూసుంటరు, కడుపు నిండది. రెండు కలిస్తెనే గరీబుతనం పోతది." ఇది మా బాపుతో, మా నాన్నతో, అన్న మాట. బాపు ఎవరి మాటకూ వెంటనే జవాబు ఇచ్చేవాడు కాదు. ఉన్న రెండు తెల్ల అంగీలను మార్చి మార్చి ఉతికించుకుని, మడత పడకుండా తొడుక్కుని, టేకు కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునేవాడు. పేము అల్లిన ఆ కుర్చీ చేతుల మీద మూడు తరాల అరచేతుల నునుపు ఉండేది. శనివారం ఇళ్ళు తిరిగాక వీరయ్య పంచలో చేసే భజనకు బాపు తప్పక వచ్చేవాడు. అందరూ చాపల మీద కూర్చుంటే ఆయన కుర్చీలో కూర్చుని వినేవాడు. కుర్చీని మునుపు జీతగాడు మోసేవాడట. జీతగాళ్ళు పోయాక నేను మోసేవాణ్ణి. కుర్చీ తలమీద బోర్లించుకుని నడుస్తుంటే దాని నాలుగు కాళ్ళు ఆకాశంలోకి ఉండేవి. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఊళ్ళో ఎవరింట్లోనూ అట్లాంటి కుర్చీ లేదు. గటుక అందరింట్లోనూ ఉంది.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. మా ఊరి బడిలో ఉన్న చదువు అయిపోయింది. ఆడపిల్లను ఘన్‌పూర్ దాకా నడిపించి పంపేది లేదని బాపు అన్నాడు. అది ఊరికే కూర్చోలేదు. చదవడం రాని ఆడవాళ్ళకు భజన పుస్తకంలోని కీర్తనలు చదివి కంఠస్థం చేయించేది. ఒకసారి చదివితే తనకు మళ్ళీ పుస్తకం అక్కర్లేదు. వీరయ్య అది గమనించాడు. ఒకరోజు మెడలో టేపుతోనే గడికి వచ్చి, మెట్ల కింద నిలబడి, అనసూయమ్మను జనగామ గదికి పంపమని అడిగాడు. పంతులమ్మ అవుతుందన్నాడు. అవకాశం ఒక్క పిల్లకే ఉంది, అది అనసూయమ్మకే ఇద్దామని జట్టంతా అనుకున్నదన్నాడు. తర్వాత కాసేపు టేపును వేళ్ళకు చుట్టుకున్నాడు.

"షరతొక్కటున్నది దొరా. మీకు తెలువంది గాదు. పిల్లను పంపిన ఇంటాయన శనారం నాడు చాప మీద కూసోవాలె. అందరికీ గదే."

బాపు చూస్తానన్నాడు. ఆ వారం నడుమ బుధవారమో గురువారమో వీరయ్య మళ్ళీ వచ్చి, అమ్మ ఎదుట నిలబడి ఉండగా, అక్కకు రెండు లంగాలకు కొలత తీసుకున్నాడు. బాపు వసారాలోంచి చూశాడు, ఏమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోవడమే ఒప్పుకోవడం. ఆ సాయంత్రం నుంచి అక్క అందరి పళ్ళాలూ తీసి బావి దగ్గర కడగడం మొదలుపెట్టింది. అడిగితే, అలవాటు చేసుకుంటున్న అన్నది. ఒకే పళ్ళాన్ని మూడుసార్లు తోమేది. గది ఎట్లా ఉంటుందో, పక్కన ఎవరు పడుకుంటారో, రైలు కిటికీలోంచి మా బావి కనిపిస్తుందో లేదో నన్ను అడిగేది. నాకేం తెలుసు? అయినా కనిపిస్తుందని చెప్పాను.

శనివారం పొద్దు వాలాక బాపు ఉతికిన అంగీ తొడుక్కుని దర్వాజా దగ్గర ఆగాడు. నేను అప్పటికే కుర్చీ దగ్గర ఉన్నాను. "ఇయ్యాల కుర్చీ అద్దురా," అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. అన్న తర్వాత కూడా కాసేపు నిలబడి, ఇక చాలన్నట్టు మెట్లు దిగాడు.

నేను చేసింది మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు, చెప్పకముందే ఆమె పోయింది. మా బాపు కింద కూర్చోవడం నేను చూడలేననుకున్నాను. మా పొలంలో నాగలి పట్టినవాళ్ళ పక్కన, వాళ్ళ మోకాలికి మోకాలు తగిలేట్టు, మా బాపు. రేపు బడిలో పిల్లలు ఏమంటారో ఊహించుకున్నాను. కుర్చీ ఎత్తి తలమీద పెట్టుకుని వెనక సందులోంచి పరుగెత్తాను. పంచ దగ్గరికి చేరేసరికి బాపు చాప అంచున నిలబడి ఉన్నాడు. ఒక చెప్పు విప్పేశాడు. రెండో చెప్పు విప్పుతూ, తోడుగా ఎవరి భుజం పట్టుకోవాలా అని చెయ్యి గాలిలో పెట్టాడు. మా పొలంలో పనిచేసే మల్లయ్య లేచి భుజం ఇవ్వబోతున్నాడు. నేను కుర్చీ తెచ్చి బాపు వెనక వేశాను. నేల మీద దాని కాళ్ళ చప్పుడుకు అందరూ తలలు తిప్పారు.

బాపు కుర్చీని చూశాడు. వీరయ్యను చూశాడు. నన్ను చూశాడు. నేను వంటి మీద అంగీ లేకుండా, రొప్పుతూ, చాలా మంచి పని చేసినవాడిలా నవ్వుతున్నాను. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కున్నాడు. కుర్చీలో కూర్చున్నాడు, వీపు ఆనించకుండా. మల్లయ్య మెల్లగా చాప మీద తన చోట్లోకి సర్దుకున్నాడు. ఆడవాళ్ళ చాప మీద అక్క కీర్తనల పుస్తకం తెరిచి ఉంది. వీరయ్య కళ్ళు మూసుకుని తాళం వేశాడు. అక్క ఆ రోజు కూడా కీర్తన చదివింది. ఎక్కడా గొంతు తడబడలేదు. నాకు అది తప్పుగా అర్థమైంది. దానికేమీ బాధ లేదనుకున్నాను.

మర్నాడు వీరయ్య మెట్లెక్కి వచ్చాడు. అంతకు ముందు ఆయన మెట్లెక్కడం నేను చూడలేదు. షరతు ఉంటే ఉండనియ్యి, పిల్లను పంపించండి, నేను అందరికీ చెప్పుకుంటానన్నాడు. ఆయనకు తన షరతు మీద తనకే కోపం వచ్చినట్టుంది. బాపు ఈసారి వెంటనే జవాబు ఇచ్చాడు. "అందరికున్న షరతు నాకు తీసేస్తవా వీరయ్యా? అది ధర్మం చేసుడు. మేం ధర్మం చేస్తం, ధర్మం పట్టం." వీరయ్య చేతులు జోడించి దిగిపోయాడు. ఆ వారమే మల్లయ్య బిడ్డ సారమ్మ జనగామ పోయింది. ఆ శనివారం కూడా అమ్మ చెంబులో ఏడు పిడికిళ్ళ సన్నబియ్యం ఉన్నాయి. సంచిలో పోసేటప్పుడు ఒక్క గింజ కింద పడలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్తాను, నెమ్మదిగా చెప్పడానికి అందులో నాకు ఓపిక లేదు. ఉన్న ఎడ్లు అమ్మి నన్ను చదివించారు. నేను జనగామలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తానై, అక్కడే రిటైరై, అక్కడే ఉంటున్నాను. అక్కను కాటారం ఇచ్చారు. బావ మంచివాడే, కానీ ఉన్న భూమి అడవి అంచున రాళ్ళ భూమి, అదీ ఎంతోకాలం నిలవలేదు. అక్క పరుల పొలాల్లో నాట్లు వేసింది. గడి బిడ్డ కూలికి పోతున్నదని నేను మా ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వలేదు. చూడ్డానికి పోతే చేతులు కొంగు కింద దాచుకుని మాట్లాడేది. నాట్లలో నానిన చేతులు. ఆ చేతులే రోజూ పిడికెడు బియ్యం తీశాయి. నాట్లు వేసేవాళ్ళ ఇంట్లో ఆ పిడికెడు ఎంత పెద్దదో నాకు తెలుసు. దాచినా తెలుసు.

డబ్బా తెచ్చుకున్న తర్వాతి శనివారం మా ఊరికి పోయాను. అది చేరవలసిన చోటికి చేర్చి రావాలని. భజన పంచ ఇప్పుడు పాలరాతి మందిరం. ఫ్యాన్ల రెక్కల మీద కూడా దాతల పేర్లు రాయించారు, తిరిగేటప్పుడు ఎవరి పేరూ కనిపించదు. లోపల వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరుసలో తువ్వాళ్ళు పరిచిన నాలుగు పెద్ద కుర్చీలు. కమిటీ కార్యదర్శి శ్రీనివాస్ నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టి తీసుకుపోయి ఆ తువ్వాలు కుర్చీలో కూర్చోబెట్టాడు. వాళ్ళ నాయన జనగామ గదిలో ఉండి చదువుకున్నవాడే, కరెంటు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేశాడు. నేను డబ్బా తెరిచి చూపించి, ఇది మా అక్క పిడికెడు బియ్యం, సంచిలో పొయ్యాలి అన్నాను. ఆ అబ్బాయి మర్యాదస్తుడు. నవ్వు దాచుకున్నాడు.

"ఇప్పుడు బియ్యం ఎవలకు గావాలె దొరా? రేషన్ల సన్నబియ్యమే వస్తున్నయి. మీకు మనసుంటే మెట్లకు గ్రానైటు ఏపియ్యుండ్రి. అక్కగారి పేరు చెక్కిపిస్తం."

బడి సంగతి అడిగాను. పిల్లలు లేరట. కొద్దిమందే మిగిలితే పక్క ఊరి బడిలో కలుపుతారంటున్నారట. పొద్దున్నే పసుపు రంగు బస్సులు వచ్చి ఎవరి పిల్లలను వాళ్ళకు తగిన బడికి తీసుకుపోతాయి. ఎవరి ఫీజు వాళ్ళ తిప్పలు. మల్లయ్య మనవరాలు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని కూడా నర్సు చదువుకు ఫీజు కట్టలేక మిరపకాయ ఏరడానికి పోతున్నదని శ్రీనివాసే చెప్పాడు, అదేదో వాన పడలేదన్నట్టు. మీరంతా కలిసి ఏమైనా చేయరాదా అన్నాను. "ఎవల పరేషాన్ వాళ్ళదాయె గద దొరా," అన్నాడు. ఇంతలో స్పీకర్లు పెట్టారు. రికార్డు చేసిన భజన ఊరంతా వినిపించేట్టు మొదలైంది. లోపల పాడేవాళ్ళు ఎవరూ లేరు. కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు.

నాకు వచ్చిన కోపానికి నాకే హక్కు లేదు, తెలుసు. అయినా రాస్తాను. ఆ జనగామ గదిలో కలిసిన బియ్యం తిన్న పిల్లలు బతికారు, ఎదిగారు. వాళ్ళ ఇళ్ళల్లో మళ్ళీ ఎవరూ పస్తు పడుకోలేదు. వీరయ్య చెప్పింది అక్షరాలా జరిగింది. జరిగి, ఆగిపోయింది. ఎదిగినవాళ్ళు పిడికిలి మానేసి పాలరాయి పంపారు. మా గడి కూలిపోయింది, మంచిదే. కానీ మా కుర్చీ ఊరంతా పాకింది. కింద కూర్చునేవాడు ఎవడూ మిగల్లేదు, ఒక్క మల్లయ్య మనవరాలు తప్ప. దాన్ని ఎవరూ కూర్చోమనలేదు.

డబ్బా మూత పెట్టి లేస్తుంటే శ్రీనివాసే, బియ్యం కావలసినవాళ్ళు ఎవరైనా ఉంటే మానుకోటలో సారమ్మ టీచరేనన్నాడు. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. మల్లయ్య బిడ్డ సారమ్మే, టీచరై, రిటైరై అక్కడే స్థిరపడిందట. మరుసటి వారం రైలెక్కాను. రైలు పట్టాలకు ఆనుకుని చిన్న ఇల్లు, ముందు రేకుల వసారా, అందులో చాపలు. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి కాలేజీలో చదువుకునే ఆరుగురు ఆడపిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. హాస్టల్లో సీటు దొరకనివాళ్ళు. తెల్లజుట్టు, కళ్ళద్దాలు, ఎత్తైన మనిషి లోపలి నుంచి వచ్చి నన్ను కాసేపు చూసింది. "చిన్నదొరవారా?" అన్నది. ఒక పిల్లకు సైగ చేసింది. నేను ఒక చెప్పు విప్పి రెండోది విప్పుతున్నాను. ఆ పిల్ల ఎక్కడి నుంచి తెచ్చిందో, వెనక కుర్చీ చప్పుడైంది. నేను కూర్చున్నాను. కూర్చున్న తర్వాత గానీ కూర్చున్నానని నాకు తెలియలేదు.

అక్క పోయిందని చెప్పాను. డబ్బా గురించి చెప్పాను. సారమ్మ టీచర్ చేట తెప్పించి, చాప మీద కూర్చుని, బియ్యం అందులో పోసి ఎండవైపు జరిపింది. పురుగులు వెలుగుకు బెదిరి అంచుల మీదికి పాకాయి.

"నేను జనగామ పోయిన నాడు వీరయ్య తాత రెండు లంగాలిచ్చిండు," అన్నది చేట వైపే చూస్తూ. "ఆకుపచ్చయి. నాకు పెద్దగైనయి. ఎవరి కొలతకు కుట్టిన్రని అడిగిన. చెప్పలె. మా అవ్వ చెప్పింది. నడుముకాడ మడిచి కుట్టుకున్న. ఆ కొలత నాకు సరిపోయేటాళ్ళకు రెండేండ్లు పట్టింది చిన్నదొరా. రోజు తొడుక్కునేటప్పుడు గుర్తొచ్చేది."

ఆ రోజు కుర్చీ తెచ్చింది నేనే, బాపు వద్దన్నాడు అన్నాను. అంత సులువుగా నోట్లోంచి వస్తుందనుకోలేదు. ఆమె తల ఎత్తలేదు. తెలుసునన్నది. మల్లయ్య ఇంటికి పోయి చెప్పుకుని బాధపడ్డాడట, దొర భుజం మీద చెయ్యి వేయబోయిండు, ఇంక జరంత సేపైతే అయిపోయేది అని. మీ అక్కకు కూడా తెలుసు, కుర్చీ అందరూ చూసిందే గద అన్నది. నిజమే. అందరూ చూసినదాన్ని ఇన్నేళ్ళూ నా రహస్యం అనుకుని దాచుకున్నాను.

నేను కుర్చీ చేతులు పట్టుకుని లేచాను. చాప వైపు వంగితే మోకాళ్ళు ఒప్పుకోలేదు. సారమ్మ టీచర్ చూసి, "కూసుంటే మల్ల లేస్తరా? మేం లేపలేం," అన్నది. పిల్లలు నవ్వారు. కుర్చీ తెచ్చిన పిల్లే వచ్చి భుజం ఇచ్చింది. కూర్చున్నాను. గొప్ప పనేమీ కాదు. దానివల్ల ఆగిపోయిన చదువు ఏదీ మొదలు కాలేదు. చేట నా ముందుకు జరిపితే పురుగులు ఏరాను. రాళ్ళు, మట్టిపెళ్ళలు, నడుమ అక్కడక్కడ జొన్న గింజలు. అక్క దేనికీ తేడా చూడలేదు. ఏది ఉంటే అది పోసింది.

సాయంత్రం పిల్లలు వాటిని కడిగి వండారు. తినబోయే ముందు చిన్న దీపం పెట్టి తండా పాట ఏదో పాడారు, నాకు మాటలు తెలియలేదు. నాకూ పళ్ళెం పెట్టారు. చిన్నప్పుడు వారం వారం ఇచ్చిన ఆ బియ్యం నేను జన్మలో తినలేదు. సన్నబియ్యం మెత్తగా గుజ్జైపోయింది, దొడ్డుబియ్యం పలుకు మీదే ఉంది, జొన్నలు పంటికి రాళ్ళలా తగిలాయి. ఒక పిల్ల ముఖం ముడిచి, గివి ఉడకలే టీచరమ్మా అన్నది.

"గట్లనే ఉంటయి. నమిలి తిను," అన్నది సారమ్మ టీచర్.

చీకటి ముదరకముందే రైలుకు లేచాను, నిజానికి ఇద్దరు పిల్లలు లేపారు. టీచర్ డబ్బా కడిగి, తుడిచి, ఆరబెట్టి నా చేతికిచ్చింది. రోజూ ఒక పిడికెడు తీసి పెడతాను, శనివారం ఎవరు వచ్చి తీసుకుపోతారు అని అడిగాను. జనగామ దాకా ఎవరైనా వస్తారా అని.

"ఎవరొస్తరు?" అన్నది. "మీరే తేవాలె. రైలున్నది గద."